అనుమానానికి కోడ్ లేదు

"అమ్మా, నా బూట్లు ఎక్కడ పెట్టావ్?"

"నాకేం తెలుసు?"

"తెలియకపోతే ఆ బీరువా ముందు ఎందుకు కూర్చున్నావ్?"

"నా ఇల్లు, నా బీరువా. నా ఇష్టమొచ్చిన చోట కూర్చుంటాను."

కోడలు చూస్తుండగానే అత్తగారు కుర్చీని బీరువా తలుపుకు ఆనించి మరీ కూర్చున్నారు. తాళంచెవి బొడ్లో దోపుకున్నారు. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో చెక్కు తీసిన బీట్‌రూట్ దుంపలు, చేతులేమో మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. తెలియనివాళ్ళెవరైనా ఆ క్షణంలో లోపలికి వచ్చి ఉంటే ఏదో ఘోరం జరిగిందనుకుని వచ్చిన దారినే పరుగెత్తేవారు.

ఆవిడ కూతురు మాత్రం పరుగెత్తే రకం కాదు. ఓడరేవులో క్రేన్ నడుపుతుంది. పది అంతస్తుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, లారీలంతేసి ఇనప పెట్టెల్ని ఓడలోంచి తీసి నేలమీద పెడుతుంది. చిన్నప్పుడు ఎక్కడ ఎత్తు కనబడితే అక్కడ ఎక్కి కూర్చునేదని ఇంట్లో అందరూ 'పిట్ట' అనేవాళ్ళు. ముప్ఫై దగ్గరపడుతున్నా ఆ పేరే నిలిచిపోయింది. అలాంటి పిట్ట వారం నుంచి నేలమీదే ఉంది.

ఏటా చేసే వైద్య పరీక్షకు వెళ్తే రేవు డాక్టరు ఆమె నాడి కూడా చూడలేదు. తెరమీద ఆస్పత్రి రికార్డు చూసి, "మీకు బ్లడ్ క్యాన్సర్ అని ఉందమ్మా. నేను పైకి పంపలేను" అనేశాడు. రెండు నెలల కిందట జ్వరంతో ఆస్పత్రికి వెళ్ళి, మందులు వాడి తగ్గించుకోవడం తప్ప పిట్టకు తెలిసిన జబ్బేదీ లేదు. సోమవారంలోగా రికార్డులోంచి ఆ మాట పోకపోతే ఆమె క్రేన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒకసారి కిందికి దింపినవాళ్ళను మళ్ళీ పైకి ఎక్కించడం ఆ రేవులో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇక జీవితాంతం గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే లారీలకు చెయ్యి ఊపుకోవాల్సిందే. ఇవాళ శుక్రవారం.

"వదినా, నువ్వైనా చెప్పు ఈవిడకి!"

వంటింటి గుమ్మంలో నిలబడిన కోడలు చేతిలోని గుడ్డను మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"అత్తయ్యా, బూట్లు ఇచ్చెయ్యండి. రేవుకు వెళ్ళి మాట్లాడి వస్తుంది, అంతేగా. ఎలాగూ పైకి ఎక్కనివ్వరు."

"ఎక్కనివ్వనప్పుడు బూట్లెందుకు? చెప్పులేసుకుని మాట్లాడితే వాళ్ళకు వినబడదా?"

"బూట్లు లేకపోతే గేటు లోపలికే రానివ్వరమ్మా!" అంది పిట్ట.

"మంచిది. అయితే ఇంట్లోనే ఉండు. ఇదిగో, ఈ రసం తాగు."

"నాకేం లేదమ్మా! మళ్ళీ రక్తం పరీక్ష చేయించుకుని, అంతా బాగుందన్న రిపోర్టు నీ చేతిలో పెట్టానా లేదా?"

"పెట్టావు. మీ నాన్న కూడా పోయే ముందు వారమంతా నాకేం లేదు, నాకేం లేదు అంటూనే ఉన్నారు." అత్తగారు చేతిలోని దుంపను పళ్ళెంలో పడేశారు. "ఏం లేదనేవాళ్ళకే అన్నీ ఉంటాయే. నా కళ్ళముందు ఒకర్ని చూశాను, చాలు."

ఉందంటే నమ్ముతారు, లేదంటే దాస్తోందంటారు. వారం నుంచి ఆ ఇంట్లో ఇదే వరస. ఆమె తుమ్మితే తల్లి గుండె గుభేలుమంటుంది. నాలుగు మెట్లు గబగబా ఎక్కితే "మెల్లగా, మెల్లగా" అని కేక. ఎర్రగా ఉన్న ప్రతి కాయా, దుంపా రక్తం పట్టిస్తాయని ఎవరో చెప్పారట, దానిమ్మ తొక్కలతో చెత్తబుట్ట నిండిపోయింది.

"అన్నయ్యా! నువ్వేం మాట్లాడవేం?"

భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అన్నయ్య తల ఎత్తలేదు. చెవులకు హెడ్‌ఫోన్ ఉంది.

"అమ్మ చెప్పినట్టు కొన్నాళ్ళు ఇంట్లో ఉండు" అన్నాడు. "ఆస్పత్రి వాళ్ళు ఊరికే రాస్తారా?"

"కొన్నాళ్ళు ఇంట్లో ఉంటే నా క్రేన్ ఉండదు!"

"ప్రాణం కంటే క్రేన్ ఎక్కువా?"

"ఇంట్లో ఇద్దరు కోడ్ల పని చేసేవాళ్ళున్నారని ఊరంతా చెప్పుకున్నాను" అని అత్తగారు అందుకున్నారు. "ఒకడు వేస్తాడు, ఒకతె చూస్తుంది. కోడ్లు చూసే కోడలు మాకు తప్ప ఎవరికుంది అనుకున్నాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పిల్ల ఫైల్లో ఏముందో చెప్పడానికి ఇద్దరికీ నోరు రావడం లేదు."

ఆ దెప్పుడు కోడలికి కొత్త కాదు. పిట్ట వెళ్ళిన ఆస్పత్రితో సహా ఊళ్ళోని ఆస్పత్రుల నుంచి వచ్చే రోగుల కాగితాలు చదివి, డాక్టరు తేల్చిన ప్రతి జబ్బుకూ దానికంటూ ఉన్న అంకెల కోడ్ తగిలించే కంపెనీ వాళ్ళిద్దరిదీ. భర్త కోడర్. ఆమె ఆడిటర్, అంటే కోడర్లు వేసినవి సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తుంది. ఇద్దరూ ఇంట్లో కూర్చునే పని చేస్తారు. ఆయనది భోజనాల బల్ల, ఆమెది అత్తగారి పాత కుట్టుమిషను బల్ల. ఎవరి ఫైలూ పేరుతో రాదు, నంబరుతో వస్తుంది. ఇంటివాళ్ళదని తెలిసీ ఒక ఫైలు తెరిస్తే ఆ రోజుతో ఉద్యోగం సరి.

ఆమె భర్త వైపు చూసింది. వారం నుంచి ఆయన సరిగ్గా తినడం లేదు, నిద్రపోవడం లేదు. చెల్లెలి మీద బెంగ అనుకుంది. హెడ్‌ఫోన్ తీగ కొస బల్లకింద ఊరికే వేలాడుతోంది. ల్యాప్‌టాప్‌కు పెట్టనే లేదు.

*

డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పిట్ట వెనకాలే వచ్చింది. చొక్కా లోపలినుంచి మడతపెట్టిన కాగితాలు తీసింది.

"వదినా, ఇవి చదివి చెప్పు."

"ఏంటివి?"

"ఆ రోజు జ్వరంతో వెళ్ళినప్పటి నా కాగితాలు. నిన్న ఆస్పత్రి కౌంటర్లో నకలు అడిగి తెచ్చుకున్నా."

"పిట్టా, ఇంటివాళ్ళ ఫైలు నేను..."

"కంప్యూటర్లో తెరవకూడదు. తెలుసు, లక్షసార్లు చెప్పావు. నా కాగితం నా వదినకు నేను చూపించుకుంటున్నాను. దీనికి ఎవడు అడ్డం?"

కోడలు తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుని కాగితాలు అందుకుంది. మొదటి పేజీ చదివింది. జ్వరం, గొంతునొప్పి, మింగలేకపోవడం. వృత్తి: క్రేన్ ఆపరేటర్. రక్త పరీక్షలో తెల్లకణాలు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. పేజీ అడుగున చివరి మాటలు: బ్లడ్ క్యాన్సర్.

గబుక్కున పేజీ తిప్పింది. రెండో పేజీ మొదటి వరుస: అని అనుమానం. మందులు వాడాక మళ్ళీ రక్తం చూడాలి.

"ఓసి నీ!" అంది కోడలు. ఆమె నోట అలాంటి మాట పిట్ట ఎప్పుడూ వినలేదు.

"ఏంటి వదినా? చెప్పు, ఏదైనా ఫరవాలేదు, చెప్పు."

"నీకేం లేదే. నీకేం లేదు. ఇది అనుమానం."

"అనుమానమంటే?"

"డాక్టరుకు అనుమానం వచ్చింది, మందులిచ్చి మళ్ళీ చూద్దామన్నాడు. మళ్ళీ చూస్తే కణాలు దిగిపోయాయి. అయిపోయింది అంతే. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మాకు నేర్పుతారు, అనుమానానికి కోడ్ లేదని. ఆస్పత్రిలో చేరకుండా చూపించుకుని వెళ్ళిపోయేవాళ్ళకు, డాక్టరు తేల్చి చెప్పని జబ్బు కోడ్ వెయ్యకూడదు. పరీక్షలో ఏం కనబడిందో దానికే వెయ్యాలి. 'తెల్లకణాలు పెరిగాయి' అని వేరే కోడ్ ఉంది. గొంతు వాచి వచ్చినవాళ్ళలో చాలామందికి పడేదే. అది ఉంటే రేవు డాక్టరు నిన్ను ఆపేవాడే కాదు."

"మరి నాకు?"

"నీకు జబ్బు కోడ్ పడింది."

పిట్ట బోర్లించిన బకెట్ మీద కూలబడింది. ముందు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, వదిన చేతిలోని కాగితాలు లాక్కుని, పేజీ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"అంటే ఎవడో... పేజీ తిప్పలేదు. అంతేనా?"

"అంతే."

"ఒక్క కాగితం! అది తిప్పడానికి బద్ధకమా వాడికి?"

"బద్ధకం కాదే. గంటకు ఇన్ని ఫైళ్ళని లెక్క ఉంటుంది. చెయ్యి పరిగెడుతుంటే కన్ను ఆగదు."

"నువ్వు వాణ్ణి వెనకేసుకొస్తావేంటి? వాడి చేతులు పడిపోను! వారం నుంచి మా అమ్మ నా పక్కన కూర్చుని నేను ఊపిరి పీలుస్తున్నానో లేదో చూస్తోంది వదినా. పడుకున్నట్టు నటించి చూశాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. వాడికీ ఒక చెల్లెలుంటే తెలిసేది."

కోడలు తడి దుప్పటి రెండో కొస పట్టుకోమని అందించింది. ఇద్దరూ కలిసి పిండారు.

"ఇప్పుడేం చెయ్యాలి? నిన్న కాగితాలు తెచ్చుకున్నప్పుడే ఆ జబ్బు మాట తీసెయ్యమని అర్జీ కూడా పెట్టేశా."

"పెట్టావా? మంచిపని చేశావ్. అయితే ఇవాళే వెళ్తుంది, ఆ కోడ్ వేసినవాడికి."

"వాడికా! దొంగ చేతికే తాళాలా?"

"పద్ధతి అదే. ముందు వేసినవాణ్ణే అడుగుతారు. తప్పని ఒప్పుకుంటే ఆ నిమిషంలోనే మారిపోతుంది. కాదు, నేను వేసింది సరైనదే అంటే ఆడిటర్‌కు వస్తుంది."

"ఆడిటరంటే నువ్వేగా!"

"ఇద్దరం. ఇంకొకావిడ కాన్పుకు వెళ్ళింది. ఇప్పుడు అన్నీ నాకే వస్తున్నాయి."

"మరింకేం! వాడు ఒప్పుకుంటే ఎంత, ఒప్పుకోకపోతే ఎంత!"

"అలా కాదే పిట్టా. నాకొస్తే నేను ముట్టుకోకూడదు. ఇది మా ఆడపడుచుదని చెప్పి పైవాళ్ళకు పంపాలి. వాళ్ళు తీరిగ్గా చూసేసరికి నెల దాటుతుంది."

పిట్ట ముఖం మీది వెలుగు పోయింది. రేవు వైపు చూసింది. ఇళ్ళ కప్పుల వెనకాల క్రేన్ల మెడలు కనిపిస్తున్నాయి. ఎడమనుంచి మూడోది ఆమెది. అది ఇవాళ కదలడం లేదు.

"అయితే వాడెవడో ఒప్పుకోవాలన్నమాట" అంది.

"ఒప్పుకుంటాడులే. కాగితం అంత స్పష్టంగా ఉంటే ఎవరు కాదంటారు?"

*

ఆ సంతోషాన్ని భర్తతో చెప్పకుండా ఉండలేకపోయింది కోడలు. మధ్యాహ్నం ఆయన చార్జర్ వెతుక్కుంటూ గదిలోకి వచ్చినప్పుడు, ఆరిన బట్టలు మంచం మీద మడతపెడుతూ చెప్పింది.

"ఏమండీ, పిట్టకు ఏ జబ్బూ లేదు. కోడర్ తప్పు. అనుమానాన్ని పట్టుకుని జబ్బు కోడ్ వేసేశాడు."

"ఎవరు చెప్పారు నీకు?"

"పిట్ట తన కాగితాలు తెచ్చుకుంది. నేనే చదివాను. ఎంత అన్యాయమండీ! కొత్తగా చేరినవాడు కూడా చెయ్యని తప్పు."

"నీకేం, ఎన్నైనా అంటావు." ఆయన డ్రాయరు గట్టిగా లాగాడు. "ఒక్కో ఫైలూ అరగంట ముందేసుకుని కూర్చునేదానివి. గంటలో అన్ని ఫైళ్ళు దులపాల్సినవాడికి తెలుస్తుంది కష్టం. ఆ డాక్టర్లు మాత్రం? సగం మాట ఈ పేజీలో, సగం మాట పక్క పేజీలో రాస్తే ఎవడు చూస్తాడు?"

మడతపెడుతున్న చొక్కా ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది.

"పక్క పేజీలో అని నేను చెప్పలేదే" అంది.

వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. అత్తగారు మళ్ళీ రసం తీస్తున్నారు. ఆయన డ్రాయరు మూశాడు, తెరిచాడు, మూశాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆయన పని.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?"

ఆయన మళ్ళీ డ్రాయరు పిడి పట్టుకున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"పిట్ట వచ్చి రేవు డాక్టరు మాట చెప్పిన రోజు." ఆయన మంచం చివర కూర్చున్నాడు. "అంతకుముందు తెలియదు. ఒట్టు. జ్వరం, గొంతు, తెల్లకణాలు... అది విన్నప్పుడు ఫైలు గుర్తొచ్చింది, పక్క పేజీ తిప్పలేదన్నదీ గుర్తొచ్చింది. కోడ్ వేసిన రోజు క్రేన్ నడిపే ఆడమనిషి అని చూసి, ఓహో, మన పిట్టలాంటిది ఇంకొకతె ఉందన్నమాట అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా."

ఆమెకు కోపం వచ్చింది, జాలేసింది, మళ్ళీ కోపమే వచ్చింది.

"వారం నుంచి తెలిసి కూడా అత్తయ్య చేత బీట్‌రూట్ పిండిస్తున్నారా? పొద్దున్న ఏమన్నారు? ఆస్పత్రి వాళ్ళు ఊరికే రాస్తారా అన్నారు! ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చిందండీ?"

"మెల్లగా."

"ఇంకా మెల్లగానా!"

"పోయిన నెల ఒక తప్పు పడింది నాకు. నీకు చెప్పలేదు. ఇంకొకటి పడితే తీసేస్తామని రాసిచ్చారు." ఆయన తల వంచుకునే మాట్లాడుతున్నాడు. "ఇద్దరం ఒకే రోజు చేరాం. నువ్వు ఆడిటర్‌వి అయ్యావు, నేను బల్ల దగ్గరే ఉండిపోయాను. సరే, ఫరవాలేదు, నా పెళ్ళామే కదా అనుకున్నాను. ఇప్పుడు ఆ బల్ల కూడా పోతే? తప్పులు చేసి వెళ్ళగొట్టించుకున్న కోడర్‌ను ఇంకెవరు తీసుకుంటారు? ఈ పని తప్ప నాకేం వచ్చు?"

అది నిజమే. ఆమెకు తెలుసు. అందుకే చేతిలోని చొక్కాను మడతపెట్టడం మొదలుపెట్టింది.

ఆయనకు అక్కడే దారి దొరికినట్టయింది. గొంతు తగ్గించి దగ్గరికి జరిగాడు.

"ఒక పని చేద్దాం. అర్జీ నాకు వస్తుంది. నేను సరైనదే అని పంపిస్తాను. అప్పుడు నీకే వస్తుంది. నువ్వు మార్చెయ్. ఆడిటర్ మారిస్తే అది అభిప్రాయభేదం కింద పోతుంది, నా తప్పు కింద పడదు. పిట్టకు క్రేన్ ఉంటుంది, నాకు ఉద్యోగం ఉంటుంది."

"అది పిట్టదని తెలిసీ నేను మార్చాలా?"

"పేరు ఉండదుగా. నీకు తెలియదనుకో."

"మనకు ఉండదు. పైవాళ్ళకు ఉంటుంది. అర్జీ పడిన ప్రతి ఫైలూ వాళ్ళు చూస్తారు, నేను ఎరగనిదా? వేసింది అన్న, మార్చింది వదిన అని తెలిస్తే ఇద్దర్నీ ఒకే గేటులోంచి బయటికి పంపుతారు. నేను మార్చింది చెల్లదని పాత కోడే మళ్ళీ పెడతారు. అప్పుడు పిట్ట సంగతేంటి? ఈసారి దాని మాట ఎవరు నమ్ముతారు?"

"చూస్తే కదా అదంతా."

"నేను చెయ్యను. మీరే ఒప్పుకోండి. తప్పు జరిగిందని ఒక్క మాట. ఉద్యోగం పోతే పోయింది, ఏదో ఒకటి చూసుకుందాం. నేనున్నానుగా."

'నేనున్నానుగా' అన్న మాట అంటుండగానే, అనకుండా ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. ఆయన ముఖం గోడవైపు తిరిగింది.

గోడను చూస్తూనే "సరే" అన్నాడు.

"సరే అంటే?"

"ఒప్పుకుంటానన్నాను కదా. వచ్చినప్పుడు తప్పని నొక్కుతాను. చాలా?"

"నిజంగా?"

"నిజంగా. పిట్టకు మాత్రం చెప్పకు. నేనేనని తెలిస్తే అది నా ముఖం చూడదు. అమ్మ అసలే..."

"చెప్పను" అంది. ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పాపం అనిపించింది. నమ్మింది పిచ్చితల్లి.

*

సాయంత్రానికి ఇల్లు కాస్త తేలికపడింది. పిట్ట ఆ రెండు పేజీలూ తల్లి ముందు పరిచి, వేలు పెట్టి చదివించింది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని మొదటిసారి చదివారు, తుడుచుకుని రెండోసారి చదివారు.

"ఇది నువ్వు రాసుకొచ్చింది కాదు కదే?"

"అమ్మా!"

"సరే, సరే. నాకు ఈ కాగితాల మీద నమ్మకం లేదు. ఆ వేసినవాడెవడో, నోటితో ఒప్పుకోమను. అప్పుడు నమ్ముతాను." ఆవిడ బొడ్లోంచి తాళంచెవి తీసి, భోజనాల బల్ల మధ్యలో, ఉప్పుగిన్నె పక్కన పెట్టారు. "వాడు ఒప్పుకున్న నిమిషాన నీ బూట్లు నేనే తీసి ఇస్తాను. తుడిచి మరీ ఇస్తాను."

"మాట తప్పవు కదా?"

"నీలా ఎత్తులెక్కి మాటలు మర్చిపోయే రకం కాను నేను."

పిట్ట పకపకా నవ్వింది. ఆ ఇంట్లో వారం తర్వాత వినబడిన నవ్వు. తల్లి సంతోషం కోసం ఎర్రటి రసం గ్లాసు తనే అందుకుని, ముక్కు మూసుకుని గటగటా సగం తాగింది.

నలుగురూ తినడానికి కూర్చున్నారు. రొట్టెలు, ఉడికించిన గుడ్లు, కోసిన టమాటాలు. టమాటాలు కూడా ఎర్రగానే ఉన్నాయని పిట్ట ఎగతాళి చేసింది. అన్నయ్య ల్యాప్‌టాప్‌ను బల్ల చివరికి జరిపాడే కాని మూయలేదు. కోడలు నీళ్ళ జగ్గు తేవడానికి లేచింది.

అప్పుడు ఆయన ల్యాప్‌టాప్ మోగింది. చిన్న చప్పుడే. ఆమె జగ్గుతో వెనక్కి వచ్చేసరికి ఆయన తెరవైపు వంగి చదువుతున్నాడు.

ఆయన భుజం మీదుగా చూసింది. పేరు లేదు, ఒక నంబరు. దాని కింద మొదటి పేజీ, రెండో పేజీ పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. అట్టడుగున రెండు మీటలు. ఒకటి: తప్పు, సరిచేయండి. రెండోది: కోడ్ సరైనదే.

జగ్గు బరువు ఆమెకు తెలియడం లేదు.

"అన్నయ్యా, నువ్వూ ఆ పని చేసేవాడివే కదా, నువ్వు చెప్పు" అంది పిట్ట, గుడ్డు పెంకు వలుస్తూ. "వాడు ఒప్పుకుంటే నిమిషంలో పోతుందట. వదిన చెప్పింది. ఒప్పుకుంటాడంటావా?"

"ఆఁ?"

"ఆ పేజీ తిప్పనివాడు. పొద్దున్న నోటికొచ్చినట్టు తిట్టేశాను పాపం. వాడికీ ఏం కష్టాలున్నాయో. ఒప్పుకుంటే ఒక్క మాట అనను, నిజం. ఇంటికి పిలిచి అన్నం పెడతాను."

"బీట్‌రూట్ రసం కూడా ఇద్దాం" అన్నారు అత్తగారు.

పిట్ట మళ్ళీ నవ్వింది. అన్నయ్య కూడా నవ్వాడు. నవ్వుతున్న ఆ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చెప్పేస్తాడు, ఇప్పుడే చెప్పేస్తాడు అనుకుంది కోడలు. ఇంతకంటే మంచి క్షణం ఇంకెక్కడ దొరుకుతుంది? ఎదురుగా చెల్లెలు ముందే క్షమించేసి కూర్చుంది.

"ఒప్పుకుంటాడులే" అన్నాడాయన. "ఎందుకు ఒప్పుకోడు?"

ఆ మాట అంటూ ఉండగానే ఆయన వేలు కదిలింది. రెండో మీట నొక్కింది.

తెరమీద నంబరు మాయమైంది. ఆయన ల్యాప్‌టాప్ మూత దించి, రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, అప్పుడు భార్యవైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. నువ్వే దిక్కు అన్నట్టుంది ఆ చూపు. మధ్యాహ్నం ఆమె చెయ్యనన్న పనే చేయించబోతున్నాడు, అడగకుండా.

మార్చితే ఇద్దరి ఉద్యోగాలూ పోయి, పిట్టకు పడిన మచ్చ మళ్ళీ మొదటికొస్తుంది. పైకి పంపితే సోమవారం దాటిపోతుంది, పైగా వేసినవాడెవడో బయటపడుతుంది. నోరు విప్పితే ఈ బల్ల చుట్టూ ఇలా నలుగురు కూర్చోవడం ఇదే ఆఖరు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆమె పరిస్థితి. కట్టుకున్నవాడే ఆ అడకత్తెరను పట్టుకుని కూర్చున్నాడు. ఆమెకు ఆయన మీద అసహ్యం వేసింది, పెళ్ళయ్యాక మొదటిసారి.

జగ్గు బల్లమీద పెట్టింది. నీళ్ళు కాస్త ఒలికాయి.

"ఏంటమ్మా, చెయ్యి వణుకుతోంది?" అన్నారు అత్తగారు. "నీకూ రక్తం తక్కువైనట్టుంది. రేపటినుంచి నీకూ ఒక గ్లాసు."

గోడవార కుట్టుమిషను బల్లమీద ఇంకో ల్యాప్‌టాప్ మోగింది.

ఆమె కదల్లేదు. ఆయన రొట్టె నములుతున్నాడు. తాళంచెవి ఉప్పుగిన్నె పక్కనే ఉంది.

"వదినా, నీది మోగింది."

"తర్వాత చూస్తాలే. తిను."

"తర్వాతేంటి?" పిట్ట అప్పటికే లేచింది. ఎడమచేత్తో ల్యాప్‌టాప్ ఎత్తుకొచ్చి, పళ్ళేలు పక్కకు జరిపి, వదిన ముందు పెట్టి, మూత కూడా తనే తెరిచింది.

"ఇప్పుడే చూసెయ్ వదినా. ఎవరిదో పాపం, నాలాగే ఎదురుచూస్తుంటారు."